రేవు ఒడ్డున రాయబారి పాఠం

తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్లకు దౌత్యం మీద తొలి పాఠం చెప్పింది నాటకాల పందిరి. తిరుపతి వెంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' ఆడే రాత్రి, కృష్ణుడు కౌరవ సభలో అడుగుపెట్టగానే పందిరంతా సర్దుకుని కూర్చునేది. పద్యం ముగియగానే వన్స్‌మోర్ కేకలు. రాయబారం అన్న మాట మన నోళ్లలో అంతగా నానడానికి ఆ రాత్రులే కారణం. అయితే ఆ పందిట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. కృష్ణుడు వెళ్లొచ్చినా యుద్ధం ఆగలేదు కదా, మరి ఆ రాయబారం విఫలమైనట్టేనా? సంధి కుదరకపోయినా, సంధి వద్దన్నది ఎవరో లోకానికంతటికీ తెలిసిపోయింది. అయిదూళ్లు అడిగి లేదనిపించుకుని రావడంలో కూడా ఒక ప్రయోజనం ఉంది. ఈ సంగతి పుస్తకంలో చదివి చెప్పేవారు చాలామంది దొరుకుతారు. అలాంటి సభల్లో తాను కూర్చుని, మాట పడి, మాట నిలుపుకుని వచ్చినవాడు చెబితే ఆ పాఠం బరువే వేరు.

అలాంటి వ్యక్తి తరగతి గదిలోకి రావడం మన కళ్లముందే జరిగింది. హైదరాబాదులో పుట్టిన సయ్యద్ అక్బరుద్దీన్ 1985 బ్యాచ్ విదేశాంగ సర్వీసు అధికారి. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో పనిచేశారు. విదేశాంగ శాఖ అధికార ప్రతినిధిగా రోజూ టీవీల్లో కనిపించారు. 2016 నుంచి 2020 ఏప్రిల్ దాకా ఐక్యరాజ్య సమితిలో భారత శాశ్వత ప్రతినిధి. పదవీ విరమణ చేశాక గీతం విశ్వవిద్యాలయం హైదరాబాద్ ప్రాంగణంలోని కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి డీన్‌గా వెళ్లారు. గీతం 1980లో మన విశాఖలో, ఋషికొండ దగ్గర పుట్టిన సంస్థ. విత్తు ఇక్కడిదైనా ఈ చెట్టు మాత్రం హైదరాబాదులో నాటుకుంది. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ విషయమే.

రాయబారి తరగతి గదికి తెచ్చే సరుకేమిటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2017 నవంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఒకే ఒక్క స్థానం మిగిలింది. పోటీలో ఇద్దరే ఉన్నారు: మన జస్టిస్ దల్వీర్ భండారీ, బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్. గెలవాలంటే సర్వప్రతినిధి సభలోనూ, భద్రతా మండలిలోనూ విడివిడిగా ఆధిక్యం రావాలి. అక్కడ 193 దేశాల్లో 97, ఇక్కడ 15లో 8. ఈ ఎన్నికలో వీటో చెల్లదు. నవంబరు 13న సభలో భండారీకి 121 ఓట్లు, గ్రీన్‌వుడ్‌కు 68 వచ్చాయి. మండలిలో లెక్క తిరగబడింది: మనకు 5, వాళ్లకు 9. రౌండ్ మీద రౌండ్ జరిగినా ముడి వీడలేదు. న్యాయస్థానం నిబంధనల్లో సంయుక్త సమావేశం అని ఒక పాత దారి ఉంది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కూర్చుని తేల్చే పద్ధతి. ఆ దారి తెరుచుకుంటే సభలో మనకున్న ఆధిక్యానికి విలువ ఉండేది కాదు. చివరికి నవంబరు 20న ఓటింగ్‌కు ముందే బ్రిటన్ తప్పుకుంది. భండారీకి సభలో 183, మండలిలో 15కు 15 పడ్డాయి. 1946 నుంచి ఆ న్యాయస్థానంలో బ్రిటన్ న్యాయమూర్తి లేకపోవడం అదే మొదటిసారి. ఈ కథనంతా అక్బరుద్దీన్ తర్వాత ఇంగ్లిష్‌లో పుస్తకంగా రాశారు.

అంకెలు ఎవరైనా చెబుతారు. పాఠం అంకెల వెనక ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడో ఉన్న చిన్న ద్వీపదేశం ఓటు మనకెందుకు పడాలి? దాని ప్రతినిధిని అడిగేది ఎవరు, ఏ వేళప్పుడు, ఏ మాటతో? తమలో ఒకరు ఈరోజు ఓడితే రేపు తమ వంతు వస్తుందని శాశ్వత సభ్యదేశాలు భయపడ్డప్పుడు ఆ భయాన్ని మన ప్రతినిధి ఎలా చల్లార్చాలి? ఎంతవరకు పట్టు బిగించాలి, ఎక్కడ సడలించాలి? బ్రిటన్ మీద గెలవడం సగం పనే. ఓడిన బ్రిటన్ ప్రతినిధితో మర్నాడు మరో విషయం మీద ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకు ఈ ప్రశ్నలు ఇచ్చి, సగం తరగతిని ఢిల్లీగా, సగాన్ని లండన్‌గా విడగొట్టి రెండు గంటలు వదిలేయండి. అధికార సమతౌల్యం మీద మూడు అధ్యాయాలు చదివినా రాని చురుకు వాళ్లకు వస్తుంది. ఆ తర్వాత ఆ మూడు అధ్యాయాలూ తమంతట తామే తెరిచి చదువుతారు.

ఈ దారిలో ముందుగా నడిచినవాళ్లు మనకున్నారు. అక్బరుద్దీన్ తండ్రి బషీరుద్దీన్ ఉస్మానియాలో జర్నలిజం ఆచార్యులు. తర్వాత ఆయన ఖతర్‌లో భారత రాయబారి అయ్యారు. తండ్రి తరగతి గది నుంచి రాయబార కార్యాలయానికి వెళ్తే, కొడుకు అదే బాటలో వెనక్కి వచ్చారు. కె.ఆర్. నారాయణన్ 1976లో చైనాకు రాయబారిగా వెళ్లొచ్చి, 1979లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు, ఆ వెంటనే వాషింగ్టన్ వెళ్లారు. విదేశాంగ కార్యదర్శిగా 1991లో దిగిపోయిన ముచ్‌కుంద్ దూబే అదే విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఆచార్యుడిగా పాఠాలు చెప్పారు. కార్యదర్శి హోదాలో ఉన్న మనిషి హాజరు పట్టీ తీసుకుని క్లాసుకు వెళ్లడం నాకు గొప్ప విషయంగా తోస్తుంది.

విశాఖకైతే ఈ విషయంలో సొంత చరిత్రే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువకులను పిలిచి ఇక్కడ పాఠాలు చెప్పించారు. 1949లో నెహ్రూ ఆయనను మాస్కోకు రాయబారిగా పంపారు. అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ప్రొఫెసర్. ఆ పీఠం వదలకుండానే 1952 దాకా రెండు బాధ్యతలూ మోశారు. ఆయనకు ముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు. రాధాకృష్ణన్‌ను 1950 జనవరిలో స్టాలిన్ పిలిపించుకుని మాట్లాడారు. పాఠం చెప్పే మనిషి, దేశం తరఫున మాట్లాడే మనిషి ఒకరే కాగలరని ఆయన చేసి చూపించారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సహకార ఒప్పందం 1979లో కుదిరింది. దానికీ రాధాకృష్ణన్ రాయబారానికీ నేను ముడి పెట్టడం లేదు. కానీ వాల్తేరు కొండ మీద చదువుకునే పిల్లలకు మాస్కో దూరపు ఊరేమీ కాదని చెప్పడానికి ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెడితే చాలు.

అసలు ఈ ఊళ్లో విదేశాంగ విధానం పుస్తకాల్లో వెతుక్కోవాల్సిన సంగతి కానే కాదు. చీకటి పడ్డాక బీచ్ రోడ్డులో నిలబడి చూడండి. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకున్న ఓడల దీపాలు సముద్రం మీద వరసగా కనిపిస్తాయి. వాటిలో కోకింగ్ బొగ్గు మోసుకొచ్చేవి ఉంటాయి. ఉక్కు కర్మాగారానికి కావాల్సిన ఆ బొగ్గులో పెద్ద వాటా ఆస్ట్రేలియాది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాక, మార్చిలో ఆ బొగ్గు ధర టన్నుకు 600 డాలర్లు దాటింది. అదే ఏడాది ఏప్రిల్ 2న భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. డిసెంబరు 29న అది అమల్లోకి వచ్చి, ఆస్ట్రేలియా బొగ్గు మీద రెండున్నర శాతం సుంకం పోయింది. గాజువాకలో టీ కొట్టు దగ్గర ఉక్కు కార్మికులు ప్లాంటు నష్టాల గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. ఆ వాదనలో కీవ్, కాన్‌బెర్రా కూడా ఉన్నాయని వాళ్లకు చెప్పేవారు లేరు.

రొయ్యల సంగతీ అంతే. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం, రష్యా చమురు కొంటున్నందుకు వేసిన జరిమానా. భీమవరం చెరువు గట్టున రైతుకు కౌంటు ధర పడిపోయింది. చమురు కొన్నది ఎవరు, ఎందుకు కొన్నారు, మానేస్తే పెట్రోలు బంకులో ఎంతవుతుంది, మానకపోతే చెరువు గట్టున ఎంత పోతుంది. విదేశాంగ విధానం అంటే ఈ తూకమే. ఈ తూకం ముందు ఒకసారైనా కూర్చుని, ఏ రాయి వేస్తే ఎటు మొగ్గుతుందోనని నిద్రపోని మనిషి వచ్చి చెబితేనే అది విద్యార్థికి ఒంటబడుతుంది.

ఇంకా దగ్గరికి వస్తే, కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. రంగూన్ రేవులో, మిల్లుల్లో తరతరాలుగా కష్టం చేసుకుని బతికిన తెలుగువాళ్లు, 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరం చేశాక కట్టుబట్టలతో ఓడలెక్కి తిరిగొచ్చారు. అలా బర్మా వదిలివచ్చిన భారతీయులు లక్షల్లో ఉన్నారు. వాళ్ల ఆస్తుల గురించి ఢిల్లీ ఎంత గట్టిగా అడగగలిగింది, ఎందుకు అంతకు మించి అడగలేకపోయింది? చైనాతో యుద్ధం ముగిసిన కొత్తల్లో పొరుగున ఉన్న మరో దేశాన్ని దూరం చేసుకోలేని ఇరకాటం ఎంత? ఒక సెమిస్టరు పాఠానికి సరిపడే విషయం బస్సు దిగి నడిచి వెళ్లే దూరంలో ఉంది. ఆ కాలనీలో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే అడగాలి.

ఇక్కడ నేను చూసిన ఒక సభ గురించి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో విశ్రాంత రాయబారి ప్రసంగం. ఆయన బాగా మాట్లాడారు, నలభై నిమిషాలు. పరిచయ వాక్యాలకు, శాలువాకు, జ్ఞాపికకు అంతకంటే ఎక్కువ సమయం పట్టింది. చివర్లో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, సముద్రంలో సరిహద్దు గీత ఎక్కడుందో పడవలో ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది. వేదిక మీది పెద్దలు నవ్వారు. టైమైపోయిందన్నారు. రాయబారి గారు మాత్రం నవ్వలేదు. జవాబు చెప్పబోయి మైకు వైపు చూశారు, అప్పటికే వందన సమర్పణ మొదలైంది.

ఆ ప్రశ్నలో నవ్వాల్సింది ఏమీ లేదు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు, మత్స్యలేశం వంటి ఊళ్ల నుంచి పొట్ట చేతబట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినవాళ్లు, వేటలో ఉండగా పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. ఆ మధ్యలో పుల్వామా జరిగింది, బాలాకోట్ జరిగింది, 370వ అధికరణం రద్దయింది, రెండు దేశాలూ హైకమిషనర్లు లేకుండా మిగిలాయి. అయినా ఒక సన్నటి దారం తెగలేదు. 2008లో రెండు దేశాలూ చేసుకున్న కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఒకరి జైళ్లలో ఉన్న మరొకరి పౌరుల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. తుపాకులు పేలిన ఏడాది కూడా ఆ కాగితాలు చేతులు మారాయి. జాబితాలో పేరెక్కితే మనిషి ఉన్నట్టు లెక్క. ఉన్నాడని తేలితే అడగవచ్చు, అడిగితే ఏదో ఒకరోజు తెచ్చుకోవచ్చు.

ఇక గీత సంగతి. గుజరాత్, సింధ్ తీరాల మధ్య సర్ క్రీక్ అనే ఉప్పుటేరు మీద తగాదా ఇంకా తేలలేదు. భూమి మీద చివరి బిందువు ఏదో ఒప్పుకోనప్పుడు, అక్కడి నుంచి సముద్రంలోకి గీయాల్సిన గీత మీద అంగీకారం ఎక్కడి నుంచి వస్తుంది? పడవలో ఉన్న మనిషికి గీత తెలియకపోవడం అతని తప్పు కాదు, రెండు దేశాలకే అది ఖాయం కాలేదు. ఆ అమ్మాయికి ఈ జవాబు దక్కి ఉంటే, సముద్ర చట్టం మీద 1982 ఐక్యరాజ్య సమితి ఒడంబడిక, 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు, 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలం, ఇవన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టే మాటలుగా మిగిలేవి కావు.

ఆ ఒడంబడిక సభకు అధ్యక్షత వహించి ముగింపుకు తెచ్చినవాడు సింగపూర్‌కు చెందిన టామీ కో, న్యాయశాస్త్ర అధ్యాపకుడిగా ఉండి రాయబారి అయిన మనిషి. మళ్లీ తన విశ్వవిద్యాలయానికే వెళ్లారు. సింగపూర్ తరఫున సమితిలో రెండుసార్లు పనిచేసిన కిశోర్ మహబూబానీ 2004లో లీ క్వాన్ యూ స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి తొలి డీన్ అయి, 2017 దాకా నడిపారు. ఒక రేవు పట్టణం తన రాయబారులను రిటైరయ్యాక గోల్ఫ్ మైదానానికి వదిలేయలేదు, బడికి పిలిచింది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న మన ఊరికీ ఆ హక్కుంది. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు, 2022లోనూ 2024లోనూ మిలన్ విన్యాసాలకు ఎన్నో దేశాల ఓడలు ఈ తీరానికే వచ్చాయి. 2019లో బంగాళాఖాతం ప్రాంత దేశాల కూటమి బిమ్‌స్టెక్ రేవుల సదస్సు ఇక్కడే జరిగింది. వచ్చినవాళ్లకు మనం ఆతిథ్యం ఇచ్చాం, బీచ్ రోడ్డుకు రంగులు వేశాం. వాళ్లెందుకు వచ్చారో మన పిల్లలకు చెప్పే ఏర్పాటు మాత్రం ఆ స్థాయిలో చేసుకోలేదు.

రాయబారులందరూ మంచి గురువులవుతారని నేను నమ్మడం లేదు. ముప్పై అయిదేళ్లు ప్రభుత్వం మాటను తన మాటగా చెప్పినవాడికి, ఆ మాట తప్పయి ఉండవచ్చని విద్యార్థి ముందు ఒప్పుకోవడం కష్టం. జ్ఞాపకాలు పాఠ్యప్రణాళిక స్థానంలోకి దూరిపోయే ప్రమాదం ఉంది. తాను కలిసిన అధ్యక్షుల పేర్లు చెబుతూ గంట గడిపేసేవారిని మనం చూశాం. తాను ఉన్న గదిలో జరిగిందే చరిత్ర అనుకోవడం మనిషికి సహజం. పక్క గదిలో ఏం జరిగిందో దస్తావేజులు తవ్వే పరిశోధకుడికి తెలుస్తుంది. అందుకే రాయబారి పక్కన పండితుడు ఉండాలి. ఇద్దరూ ఒకే క్లాసులో, ఒకరి మాటను ఒకరు ఖండించుకుంటూ చెప్పాలి. బర్మా విషయంలో ఢిల్లీ చేయగలిగిందంతా చేసిందని రాయబారి అంటే, చేయలేదని చూపించే కాగితం ఆచార్యుడి చేతిలో ఉండాలి. ఆ వాదన చూసిన విద్యార్థికి ఇక గైడు పుస్తకం అక్కర్లేదు.

భాష గురించి కూడా చెప్పాలి. గ్రూప్-1కూ, సివిల్స్‌కూ తెలుగులో రాసే పిల్లలు అంతర్జాతీయ సంబంధాలను అనువాదపు నోట్సుల్లో చదువుతున్నారు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలేమిటో మరిచిపోయే తెలుగు అది. మనవాళ్లలో తెలుగు ఇంట్లో మాట్లాడుకునే విశ్రాంత దౌత్యవేత్తలు ఉన్నారు. వాళ్లు మన మాటల్లో చెబితే, తిరుపతి వెంకట కవులు రంగస్థలం మీద నిలబెట్టిన రాయబారం మళ్లీ మన భాషలో నడుస్తుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే కొలువుకు మార్గదర్శకాలు ఇచ్చింది. పీహెచ్‌డీ లేకపోయినా, తన రంగంలో కనీసం 15 ఏళ్లు పనిచేసినవారిని తీసుకోవచ్చు. మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదు, ఒకరికి మొత్తం కాలం నాలుగేళ్లు దాటకూడదు. ఉన్న అధ్యాపకుల పోస్టులు తగ్గించకుండా అదనంగా వేసుకోవాల్సిన కొలువులు ఇవి. ఖాళీలు భర్తీ చేయకుండా తప్పించుకోవడానికి వీటిని వాడుకుంటే మాత్రం అది విద్యార్థికి చేసే ద్రోహం. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం సముద్ర చట్టం చెప్పగలదు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం ఓడల సంగతి చెబుతుంది. ఐఐఎం వాణిజ్యం లెక్కలు చూస్తుంది. నౌకాదళంలో పనిచేసి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న అధికారులు ఊరినిండా ఉన్నారు. గీతం తన కౌటిల్య స్కూలు నుంచి ఏడాదికి ఒక సెమిస్టరు ఋషికొండకు తెచ్చినా చాలు. వీళ్లందరినీ ఒక చోట చేర్చాల్సిన పెద్దరికం 1926లో పుట్టి నూరేళ్ల గడప తొక్కిన ఆంధ్ర విశ్వవిద్యాలయానిదే.

వచ్చే విద్యా సంవత్సరానికి ఒక్క రాయబారిని పిలవండి. ఒక పూట ప్రసంగానికి వద్దు, రెండు సెమిస్టర్లకు పిలవండి. శాలువా ఖర్చు మానేసి క్యాంపస్‌లో ఒక క్వార్టరు ఇవ్వండి. మొదటి క్లాసులో ప్రశ్నలకు సమయం మిగల్చండి.